పగ తీర్చుకొనుట, తగవు తీర్చుట

పరిగి పట్టణము హైదరాబాదు నుండి చేవెళ్ల, మన్నెగూడల మీదుగా కొడంగల్లు పోవు రహదారిపై నున్నది. అచ్చటి నుండి చీలిన ఒక త్రోవ కంది చేలు, ప్రత్తి చేలు దాటి షాద్‌నగరము చేరును. చదువులకును, ఉద్యోగములకును పోవు ఆడపిల్లలు ఈ త్రోవలపై ప్రతిదినము బస్సు లెక్కుదురు. దీపములు పెట్టు వేళకు ఇండ్లు చేరుదురు. వారు చేరువరకు తల్లుల చూపు వాకిటనే యుండును. 2019 నవంబరు కడపటి వారమున ఆ ఎదురుచూపులోనికి ఒక పెద్ద భయము ప్రవేశించినది.

ఆ నెల 27వ తేదీ రాత్రి శంషాబాదు సమీపమున ఒక యువ పశువైద్యురాలు అత్యాచారమునకు, హత్యకు గురియైనది. మరునాటి ఉదయము ఆమె దేహము షాద్‌నగరము చెంత చటాన్‌పల్లి వంతెన క్రింద కాలిన స్థితిలో కనబడినది. బాధితురాలి పేరు వెల్లడింపరాదని చట్టము చెప్పుటచే లోకము ఆమెను 'దిశ' అని పిలిచినది. 29వ తేదీన నలుగురు యువకులను పోలీసులు పట్టుకొనిరి. మరునాడు షాద్‌నగరము ఠాణా ముందు జనము పోటెత్తి, ఆ నలుగురిని తమకు అప్పగింపుమని కేకలు వేసిరి. డిసెంబరు 6వ తేదీ తెల్లవారుజామున, ఆధారములు చూపింతురని తీసికొని పోబడిన ఆ నలుగురును అదే చటాన్‌పల్లి వద్ద పోలీసు తుపాకులకు కూలిరి. తమ ఆయుధములు లాగుకొని తిరుగబడినందున కాల్చవలసి వచ్చెనని పోలీసులు ప్రకటించిరి. ప్రొద్దెక్కునప్పటికి అక్కడ జనము నిండెను. పోలీసులపై పూలరేకులు రాలెను. కొందరు వారిని భుజముల కెత్తుకొనిరి. మిఠాయిలు పంచుకొన్నవారును కలరు.

ఆ పూలు చల్లిన చేతులు క్రూరుల చేతులు కావు. అట్లు సంతోషించినవారిలో తల్లులున్నారు, కళాశాల విద్యార్థినులున్నారు, చీమకైనను హాని తలపెట్టని గృహస్థులున్నారు. ఇంతటి ఘోరము విని రక్తము మరగనివాడు మనుష్యుడే కాడు. పగ యనునది ప్రేమకు మరియొక ముఖము. మనవారనుకొన్నవారికి కీడు జరిగినప్పుడే అది పుట్టును. కావున పగ పాపమని త్రోసివేయుటతో ప్రశ్న ముగియదు. రెండింటి చివరను శిక్షయే యున్నప్పుడు పగకును న్యాయమునకును భేదమేమి? ఒకటి తొమ్మిదవనాడే ముగిసి, మరియొకటి ఏండ్ల తరబడి సాగునప్పుడు, జనము మొదటిదానిని కోరుట తప్పెట్లగును? ఈ ప్రశ్నకు జవాబు చెప్పగలిగిననే ఆ పూలను గూర్చి మాటలాడుటకు అర్హత కలుగును.

తెలుగు నుడికారము ఈ చిక్కును తనలోనే దాచుకొన్నది. పగ తీర్చుకొనుట అందురు. తగవు తీర్చుట అందురు. క్రియ ఒక్కటే. న్యాయాధిపతి చెప్పు 'తీర్పు' కూడ ఆ క్రియనుండి పుట్టినదే. అప్పు తీరుట, ఆకలి తీరుట, దుఃఖము తీరుట - అన్నింటను ఒక లోటు పూడవలెనన్న ఆశ యున్నది. పగ గలవాడును బాకీ తీరవలెననియే కోరును. న్యాయార్థియు అదియే కోరును. అయితే రెండు పలుకుబడులలో ఒక చిన్న భేదము కలదు. పగను 'తీర్చుకొందురు', తగవును 'తీర్చుదురు'. తీర్చుకొనువాడు తనకొరకు తానే చేయును. తీర్చువాడు ఇరువురి నడుమ నిలిచి ఇతరులకొరకు చేయును. కక్షిదారుడే న్యాయాధిపతి కారాదన్న సూత్రమంతయు ఆ 'కొను' అను రెండక్షరములలో ఇమిడి యున్నది.

'తగవు' అను మాట చరిత్రయు గమనింపదగినది. పూర్వకావ్యములలో తగవనగా న్యాయము, తగినది తగవు. నేటి వాడుకలో తగవనగా జగడము. పరిగి ప్రాంతము 1948 వరకు నిజాము ఏలుబడిలో నుండినందున ఇక్కడి పెద్దల నోట న్యాయమునకు 'ఇన్సాఫు' అను మాట కూడ నిలిచినది. ఆ అరబ్బీ పదము 'సగము' అను అర్థము గల మూలమునుండి వచ్చినది. ఇరువైపుల వారికిని సమముగా పంచుట ఇన్సాఫు. ఒక వైపు మాట మాత్రమే విని తేల్చినది ఎంత త్వరితమైనను, ఎంత మందికి ఇంపైనను, ఇన్సాఫు కాదు. అది దానిలో సగము మాత్రమే.

తెలుగున ఆదికావ్యమని పేరొందిన ఆంధ్ర మహాభారతము మొదలగునదియే ఈ సమస్యతో. నన్నయ ఆదిపర్వమున మొదట వినవచ్చు కథలలో ఒకటి రాజుల యుద్ధము కాదు; ఒక కుక్కపిల్ల ఏడుపు. జనమేజయుడు యాగము చేయుచుండగా దేవలోకపు కుక్కయైన సరమ కొడుకు ఆటలాడుచు అచ్చటికి వచ్చును. రాజు తమ్ములు దానిని కొట్టుదురు. అది ఏ తప్పును చేయలేదు. తల్లి వచ్చి రాజును నిలదీయును: యుక్తాయుక్తములు విచారింపక సాధుజీవులకు కీడు చేయువారికి ఊహింపని భయములు కలుగునని హెచ్చరించి పోవును. పాఠశాలలలో ఈ కథను జంతుకారుణ్యమునకు ఉదాహరణముగా చెప్పుట కలదు. కాని సరమ ఫిర్యాదు కొట్టుటను గూర్చి మాత్రమే కాదు. విచారింపక కొట్టుటను గూర్చి. భారతకథకు గడపయందే ఈ మాట నిలుపబడినది.

ఆ గడప దాటగానే రురుని కథ వచ్చును. అతడు వరించిన ప్రమద్వర పాము కాటుకు మరణించును. రురుడు తన ఆయువులో సగమిచ్చి ఆమెను బ్రదికించుకొనును. అంతటితో కథ సుఖముగా ముగియవలసినది. కాని ముగియదు. ప్రియురాలు తిరిగి వచ్చిన పిమ్మట కూడ రురుని పగ చల్లారదు. కఱ్ఱ చేతబట్టి కనబడిన పామునెల్ల చంపుచు తిరుగును. ఒకనాడు డుండుభమను విషములేని పాముపై కఱ్ఱ ఎత్తును. అది, నీకు నేనేమి చేసితినని అడుగును. రురునికి ఆ క్షణమువరకు అట్టి ప్రశ్నయే తోచలేదు. అతనికి పామనగా తన ప్రియురాలిని కరచిన జాతి. ఏ పాము, ఏ నేరము అన్న వివరము పగకు పట్టదు.

రురుడు కఱ్ఱతో చేసినదానిని జనమేజయుడు అగ్నితో చేసెను. తండ్రి పరీక్షిత్తును తక్షకుడు కరచి చంపెనని, తక్షకునిపై తనకున్న కోపముతో ఉదంకుడు ఎగద్రోయగా, సర్పయాగము తలపెట్టెను. వేలకొలది పాములు హోమగుండమున పడి మాడెను. తక్షకుడో, ఇంద్రుని ఆశ్రయించి దాగెను. నేరస్థుడు సింహాసనము చాటున నుండగా నిరపరాధులు మంటలో పడిన ఈ ఘట్టము కంటె పగ స్వభావమును స్పష్టముగా చూపు చిత్రము మరియొకటి దొరకదు. చివరకు ఆస్తీకుడను బాలుడు వచ్చి యాగమును మాన్పించును. భారతకథ జనమేజయునకు వినిపింపబడినది ఆ యాగసందర్భముననే. పగతో మండుచున్న రాజునకు, పగతో నశించిన అతని వంశకథను చెప్పుట వ్యాసుని ఏర్పాటు.

ఈ మూడు కథలకును సూత్రమొక్కటే. న్యాయమునకు మొదటి అంగము శిక్ష కాదు, విచారణ. వీడేనా? వీడే యైన, ఎంతవరకు? ఇంకెవరికైన భాగమున్నదా? ఈ ప్రశ్నలు అడిగిన తరువాత వేసిన శిక్ష న్యాయము. అడుగకముందు వేసినది, నేరస్థునిపైననే పడినను, పగ.

చటాన్‌పల్లిలో జరిగినది ఈ ప్రశ్నలను శాశ్వతముగా మూసివేసినది. 2019 డిసెంబరు 12వ తేదీన సుప్రీముకోర్టు విశ్రాంత న్యాయమూర్తి వి.ఎస్. సిర్పుర్కర్ అధ్యక్షతన ముగ్గురితో ఒక విచారణ సంఘమును నియమించెను. ఆ సంఘము 2022 జనవరిలో 387 పుటల నివేదిక సమర్పించినది. అది మే 20వ తేదీన వెల్లడియైనది. నిందితులు ఆయుధములు లాగుకొనిరన్న కథనము నమ్మదగినది కాదనియు, చంపవలెనన్న ఉద్దేశముతోనే వారిని కాల్చిరనియు సంఘము అభిప్రాయపడి, పదిమంది పోలీసు ఉద్యోగులపై హత్యానేరము క్రింద విచారణ జరుపవలెనని సిఫారసు చేసినది. సుప్రీముకోర్టు తదుపరి చర్యను తెలంగాణ ఉన్నత న్యాయస్థానమునకు విడిచిపెట్టెను. అక్కడ వాదోపవాదములు సాగినవి. తొమ్మిదవనాడు ముగిసినదనుకొన్న వ్యవహారము ఏండ్లకు కూడ ముగియలేదు.

ఆ నివేదికలో మరియొక అంశము ఉపాధ్యాయులను ప్రత్యేకముగా నిలుపవలసినది. చనిపోయిన నలుగురిలో ముగ్గురు సంఘటననాటికి మైనరులని సంఘము తేల్చినది. దీనివలన నేరము తేలిక కాదు. కాని వయస్సు ఎంత అన్న ప్రశ్న ఏ న్యాయస్థానమునందైనను మొదట అడుగునది. ఆ ప్రశ్నకు జవాబు వారు మరణించిన రెండేండ్లకు లభించినది.

నేరము సంగతియు అట్లే యైనది. ఆ నలుగురే ఆ దారుణము చేసిరని ఏ న్యాయస్థానమును సాక్ష్యములు విని నిర్ణయింపలేదు, ఇక నిర్ణయింపజాలదు. ఆ రాత్రి కుటుంబమువారు ఠాణాకు పరుగెత్తినప్పుడు, ఇది మా పరిధి కాదని త్రిప్పిరన్న ఆరోపణపై ముగ్గురు పోలీసు ఉద్యోగులు అప్పుడే సస్పెండు చేయబడిరి. బహిరంగ విచారణ జరిగియుండిన, బోనులో నిలిచిన నలుగురితోపాటు ఈ వైఫల్యమును కూడ లోకము ప్రశ్నించియుండును. పగ లెక్కను త్వరగా మూయును. మూయునప్పుడు అందరి లెక్కలను కలిపి మూయును. తుపాకి శబ్దములో ఫిర్యాదు స్వీకరింపని చేతి తప్పు కూడ వినబడకపోయినది. రక్షణ లేని త్రోవ ఆ మరునాడును రక్షణ లేకయే యుండినది.

ఆ వారముననే తెలంగాణమున మరియొక ఆడకూతురికి ఇట్టి ఘోరమే జరిగినది. 2019 నవంబరు 24వ తేదీన, కుమురంభీం ఆసిఫాబాదు జిల్లాలో, ఊరూర తిరిగి చిన్న సరుకులు అమ్ముకొను ఒక దళిత స్త్రీ అత్యాచారమునకు, హత్యకు బలియైనది. ఆమెకు 'సమత' అను పేరు పెట్టిరి. ఆమె కొరకు కదలిన జనము తక్కువ. ఆమె పక్షమున ఎవరును తుపాకి ఎత్తలేదు. ఆదిలాబాదులో ప్రత్యేక న్యాయస్థానము ఏర్పడినది, సాక్షులు పలికిరి, నిందితులకు చెప్పుకొను అవకాశము దొరికినది. 2020 జనవరి 30వ తేదీన, అనగా నేరము జరిగిన 67 రోజులకు, ముగ్గురిని దోషులుగా నిర్ణయించి న్యాయస్థానము మరణశిక్ష విధించెను. మరణశిక్ష యుండవలెనా యన్నది వేరు చర్చ. ఈ కేసు చూపునది ఒక్కటే: ప్రభుత్వము సంకల్పించినచో విచారణ త్వరగా నడచును, త్వరగా నడచుటకు విచారణను విడువనక్కరలేదు. ఆ పేదరాలి విషయమున ఏమి జరిగినదో నేడు తీర్పు రూపమున వ్రాయబడి యున్నది. ఆమెకు పూలు రాలలేదు గాని, తీర్పు దొరికినది.

అదే యేడు జూనులో హన్మకొండలో తొమ్మిది నెలల పసికందు ఒక దుర్మార్గునికి బలియైనప్పుడు వరంగల్లు న్యాయస్థానము రెండు నెలలలోపే, ఆగస్టు 8వ తేదీన, మరణశిక్ష విధించినది. నవంబరులో ఉన్నత న్యాయస్థానము దానిని యావజ్జీవముగా మార్చెను. ఈ మార్పు కొందరికి నచ్చకపోవచ్చును. కాని పునరాలోచనకు చోటుండుటయే న్యాయమునకు గుర్తు. తుపాకికి పై కోర్టు లేదు.

అయినను ఒక నిజమును ఒప్పుకొనవలెను. జనమును పగ వైపు నెట్టునది వారి దుర్బుద్ధి కాదు, ఆలస్యము. 2012 డిసెంబరు 16న ఢిల్లీలో జరిగిన నిర్భయ ఘటన దేశమును కదిల్చినది, చట్టములు మారినవి, అయినను దోషులకు శిక్ష అమలగుటకు 2020 మార్చి 20 వరకు పట్టినది. అనగా ఏడేండ్ల మూడు నెలలు. చటాన్‌పల్లి వద్ద పూలు చల్లినవారికి ఆ ఏడేండ్ల లెక్క తెలియును. అంత పెద్ద కేసుల మాట యేల? పల్లెనుండి పొలము గట్టు వ్యాజ్యముపై కోర్టుకు వచ్చు రైతును అడిగినను చెప్పును. పేషీకి బస్సెక్కి వచ్చుట, వకీలు గుమాస్తా మరియొక తారీఖు చీటి వ్రాసి యిచ్చుట, తిరిగి పోవుట. తండ్రి వేసిన దావాకు కొడుకు తలనెరసినవాడై తిరుగుట అరుదు కాదు. ఇట్టి చోట, 'నేనే చూచుకొందును' అను మాట పుట్టుట వింత కాదు. ఆ మాటలోను అదే 'కొను' ఉన్నది. న్యాయము వాయిదా పడినప్పుడెల్ల పగకు బలము చేకూరును.

చటాన్‌పల్లి ఘటన మరునాడు, 2019 డిసెంబరు 7న, నాటి సుప్రీముకోర్టు ప్రధాన న్యాయమూర్తి ఎస్.ఎ. బోబ్డే జోధ్‌పూరులో మాటలాడుచు, న్యాయము తక్షణమే జరుగునది కాదనియు, అది ప్రతీకార రూపము దాల్చినచో తన స్వభావమునే కోల్పోవుననియు చెప్పిరి. ఆ సభయందే న్యాయవ్యవస్థ తన ఆలస్యమును, అలసత్వమును పునఃపరిశీలించుకొనవలెనని కూడ అనిరి. మొదటి మాటను చాలమంది గుర్తుంచుకొనిరి. రెండవదియు అంత గట్టిగా గుర్తుంచుకొనవలసినదే. ఒకదానిని విడిచి మరియొకదానిని చెప్పుట బాధితులకు నీతిబోధ చేయుటయే యగును.

బాధితులకు నీతిబోధ చేయు అధికారము ఎవరికిని లేదు. బిడ్డను పోగొట్టుకొన్న తల్లి, పగవాడు చచ్చెనని ఊపిరి పీల్చుకొన్నచో ఆమెను తప్పుపట్టువాడు ధర్మము తెలిసినవాడు కాడు. శత్రువు చేత చిక్కినను కీడు చేయక మేలు చేసి పంపుమన్న వేమన బోధ ప్రతి బాలునికి తెలిసినదే. కాని ఆ క్షమ అనుభవించినవాని సొత్తు. అతడు కోరిన ఇచ్చును, కోరకున్న మానును. రాజ్యమునకు ఇతరుల దుఃఖమును క్షమించు హక్కు లేదు. ఇతరుల పేర పగ తీర్చుకొను హక్కును లేదు. దానికి ఉన్నది తీర్చు బాధ్యత మాత్రమే.

ఈ భేదమును పోతన భాగవతము ప్రథమస్కంధమున ఒక ఘట్టము కన్నులకు కట్టినట్లు చూపును. నిద్రించుచున్న ఉపపాండవులను అశ్వత్థామ చంపినాడు. అర్జునుడు వానిని పశువును కట్టినట్లు కట్టి తెచ్చి ద్రౌపది ముందు నిలిపినాడు. అయిదుగురు కొడుకులను పోగొట్టుకొన్న తల్లి గురుపుత్రుని చూచి, నిదురించు బాలురను చంపుటకు చేతులెట్లాడినవని అడుగును. వాడు తలవంచుకొని వినవలసి వచ్చెను. పిమ్మట ఆమెయే వానిని విడువుమనును. తనవలెనే వాని తల్లి కృపి ఏడువరాదని ఆమె కోరిక. భీముడు ఒప్పుకొనడు, చంపవలసినదే అనును. కృష్ణుడు ఇరువురి మాటయు విని, రెండును చెల్లు మార్గము చూడుమని అర్జునునితో అనును. అర్జునుడు వాని తల గొరిగి, శిరోమణిని తీసికొని, శిబిరమునుండి వెళ్లగొట్టును.

ఈ కథను క్షమాగుణమునకు ఉదాహరణముగా చెప్పి ఊరకుందురు. కాని అందు అంతకంటె ముఖ్యమైనది ఒకటి కలదు. నేరస్థుడు బ్రదికి యుండి ఎదుట నిలిచినందుననే తల్లి తన ప్రశ్నను వాని మొగముననే అడుగగలిగినది. భీముని కోపమునకు మాట దొరికినది. శిక్షయు పడినది. ఎవరి దుఃఖమును త్రోసివేయబడలేదు. క్షమింపవలెనా, దండింపవలెనా యన్నది ఆ తరువాతి సంగతి. ముందు అడుగు హక్కు. చటాన్‌పల్లి తుపాకులు నిందితుల ప్రాణములతోపాటు ఈ హక్కును కూడ తీసినవి. ఎందుకు చేసితిరని నిండు కచేరిలో అడుగువారు లేరు, చెప్పువారును లేరు.

ఇతర దేశముల పెద్దలును ఈ చిక్కునే ఎదుర్కొనిరి. క్రీస్తుపూర్వము 458లో ఏథెన్సు నగరమున ప్రదర్శింపబడిన ఈస్కిలస్ నాటకత్రయములో ఒక వంశమునందు హత్యకు హత్య, దానికి మరల హత్య జరుగును. చివరి నాటకమున ఎథీనా దేవత పౌరులతో న్యాయసభ కూర్చి తీర్పు చెప్పించును. అయితే పగను వెంటాడించు ఉగ్రదేవతలను ఆమె ఊరినుండి తరిమివేయదు. నగరమునందే వారికి పూజాస్థానము కల్పించును. న్యాయస్థానము కట్టినంతనే ప్రజల ఆగ్రహము చావదు; దానికి గౌరవముగల చోటు చూపవలెను. ఫిర్యాదును వెంటనే వ్రాసికొను ఠాణా, బాధితుల మాటను ఓపికతో విను కచేరి, గడువు దాటని తీర్పు - ఇవియే ఆ చోట్లు. ఇవి లేనినాడు ఆగ్రహము వంతెన మీదికి వచ్చి పూలు చల్లును.

ఈ విద్యకు మొదటి పాఠశాల పాఠశాలయే. ఏ ఊరి తరగతి గదిలోనైనను ఒకనాడు ఒక పిల్లవాని కలము పోవును. ముప్పది వ్రేళ్లు ఒక బాలుని వైపు చూపును. ఆ బాలుడు సాధారణముగా బీదవాడు, లేక మునుపొకసారి తప్పు చేసినవాడు. కలము పోయిన పిల్లవాని కంట నీరు. తరగతియంతయు బెత్తము వైపు చూచుచుండును. అప్పుడు ఉపాధ్యాయుడు బెత్తమును బల్లమీద నుంచి, 'ఎవరు చూచిరి?' అని అడిగినచో వ్రేళ్లు ఒక్కొక్కటే దిగును. ఆ పిమ్మట నిందపడ్డ బాలుని దగ్గరకు పిలిచి, 'నీవు చెప్పుము' అన్నచో గది నిశ్శబ్దమగును. కలము దొరకవచ్చును, దొరకకపోవచ్చును. ఆ బాలుడే దొంగయు కావచ్చును. అప్పుడు తగిన శిక్ష పడవలసినదే. కాని కలము పోయిన పిల్లవాని కన్నీటిని ఆనాడే తుడిచి, విచారణను మరునాటికి వాయిదా వేయక, అందరి ఎదుట అడిగి తేల్చిన గురువు ముప్పదిమందికి ఒక పాఠము నేర్పినవాడగును.

ఆ ముప్పదిమందిలో ఒకడు రేపు ఠాణాలో ఫిర్యాదు వ్రాసికొనువాడు కావచ్చును. ఒకతె న్యాయపీఠముపై కూర్చుండవచ్చును. తక్కినవారు జనము. ఏదో ఒక ఉదయమున ఏదో ఒక వంతెన దగ్గర, చేత పూలు పట్టుకొని నిలిచినప్పుడు, వారికి ఆ తరగతి గది జ్ఞాపకము రావలెను.